ఊరికే పోయిన జబ్బు

సెలూన్లకు కావలసిన సామానంతా మా కొట్లో దొరుకుతుంది. కుర్చీలు, నిలువుటద్దాలు, దువ్వెనలు, కత్తెరలు, మెడకు చుట్టే గుడ్డలు, నురగ డబ్బాలు, పటిక ముక్కలు. కానీ కొట్టు నిలబడింది వీటి మీద కాదు, బ్లేడు మీద. కుర్చీ కొన్నవాడు ఆ కుర్చీ విరిగేదాకా మళ్ళీ మన గుమ్మం తొక్కడు. బ్లేడు కొన్నవాడు వారం తిరక్కుండా వస్తాడు. లోకంలో గెడ్డాలు పెరగడం మానేస్తే తప్ప నాకు తిండికి లోటుండదని పెళ్ళి మాటలప్పుడు మా మామగారికి చెప్పాను. ఆయనకు ఆ లెక్క నచ్చి కూతుర్నిచ్చాడు. కొన్నేళ్ళు పోయాక, వీడికి చదువు అబ్బేలా లేదని చెప్పి కొడుకుని కూడా పంపించాడు.

ఆ కొడుకుని బజారంతా అద్దం అని పిలుస్తుంది. ఎప్పుడు చూసినా అతని బుగ్గలు నున్నగా మెరుస్తూ ఉండడం వల్ల వచ్చిన పేరది. మెరవక ఏం చేస్తాయి? రోజూ సెలూన్లు తిరిగి గెడ్డం గీయించుకోవడమే అతని ఉద్యోగం. కాలికి బలపం కట్టుకున్నట్టు తిరుగుతాడు, కూర్చున్న ప్రతి కుర్చీలోనూ మాట్లాడతాడు, లేచేలోపల సరుకు అమ్ముతాడు. కొట్లో ఒక పూట కూర్చోబెడితే మాత్రం నీళ్ళలోంచి తీసిన చేపలా అయిపోతాడు.

ఆ ఏడు కొత్త కంపెనీ బ్లేడు ఒకటి మా చేతికొచ్చింది. పదునైన బ్లేడని చెబితే ఎవరూ కొనరు, అందరూ చెప్పేది అదే కాబట్టి. సెలూను వాళ్ళు చూసుకునేది ఆ పదును ఎంతసేపు నిలుస్తుందన్నది. దానికి అద్దం ఒక కిటుకు కనిపెట్టాడు. బజారు మొదట్లో ఒక బ్లేడు విప్పుతాడు. మొదటి సెలూన్లో తన చెంప ఒకటి గీయించుకుంటాడు. తరవాత ఆ సెలూను యజమానిని అదే కుర్చీలో కూర్చోబెట్టి, అదే బ్లేడుతో గీయిస్తాడు. దాన్ని దూదితో తుడిచి, కాస్త స్పిరిట్ అద్ది, పక్క సెలూనుకు పట్టుకెళ్తాడు. ఇప్పటికి ఇన్ని మొహాలు గీసి వచ్చిన బ్లేడండీ ఇది, ఎక్కడైనా పట్టుకుంటుందేమో మీ చెంప మీద మీరే చూసుకోండి అంటాడు. ఎక్కడా పట్టుకునేది కాదు. పది మొహాల బ్లేడని దానికి బజార్లో పేరు పడిపోయింది.

ఈ పద్ధతి మొదలైంది మా కొట్లోనే. అమ్మకానికి పెట్టిన కొత్త కుర్చీలో మొదట నేను కూర్చున్నాను, బోణీ యజమానిది కావాలి కదా. నా తరవాత అదే బ్లేడు కింద సెలూన్ల సంఘం పెద్దాయన కూర్చున్నాడు. ఆయన సరేనంటే బజారు సరేనన్నట్టే. ఆయన తరవాత అద్దం. అందరం చెంపలు తడుముకుని, తలలూపి, టీ తాగి విడిపోయాం.

రెండు నెలలు గడిచాయో లేదో, అద్దం తిరగడం తగ్గించాడు. అన్నం సయించడం లేదన్నాడు. మెట్లెక్కితే కాళ్ళు పీకుతున్నాయన్నాడు. పని తప్పించుకోవడానికి కొత్త సాకు నేర్చాడనుకున్నాను. జబ్బు సంగతి మొదట కనిపెట్టింది సంఘం పెద్దాయనే. సెలూన్లలో నిలువుటద్దం చుట్టూ దీపాలుంటాయి, అక్కడ కూర్చున్నవాడి కళ్ళు దాచుకుందామన్నా దాగవు. మావాడి కళ్ళలో పసుపు కనిపించగానే ఆయన చేతిలోని కత్తి బల్ల మీద పెట్టేసి, మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పి, ఇవాళ్టికి ఇంటికెళ్ళు నాయనా అన్నాడట.

ఆసుపత్రిలో రక్తం తీశారు. కాలేయం డాక్టరు ఒక నడివయసు ఆవిడ, మాటలు పొదుపుగా వాడే మనిషి. హెపటైటిస్ సి అంది. కొత్తగా పట్టిందేనంది. ఇది రక్తం నుంచి రక్తానికి పాకే జబ్బు, ఏం పని చేస్తుంటావని అడిగింది. అద్దం తన పని గురించి చెప్పడం మొదలుపెడితే ఆపలేం. బ్లేడు, చెంప, దూది, స్పిరిట్ చుక్క, పక్క సెలూను, అంతా ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీరు బ్లేడులు పంపిణీ చేస్తున్నారా, వైరస్ పంపిణీ చేస్తున్నారా?" అంది.

పంపిణీ అనే మాట మా వ్యాపారంలో గౌరవమైనదే. అయినా ఆ గదిలో అది నాకు గౌరవంగా వినిపించలేదు.

సంగతి బజారుకు చేరడానికి ఒక పూట చాలింది. సాయంత్రానికి సంఘం కూర్చుంది. అద్దం జబ్బు పూర్తిగా పోయిందని తేలేదాకా ఏ సెలూను గడపా తొక్కకూడదని తీర్మానించారు. పది మొహాల బ్లేడు మీద కూడా వేటు పడింది. ఆరు నెలలు చూస్తామన్నాడు పెద్దాయన. ఈలోగా పోతే మంచిదే. పోకపోతే అద్దం మా గోడౌన్లో పెట్టెలు లెక్కపెట్టుకుంటూ బతకాలి, ఆ కొత్త బ్లేడు ఏజెన్సీకి నేను నీళ్ళు వదులుకోవాలి. అద్దానికి బజారు కావాలి. నాకు అద్దం మొహం కావాలి. రెండూ ఇప్పుడు అతని కాలేయం చేతిలో ఉన్నాయి.

ఆరు నెలల లెక్క పెద్దాయన సొంతంగా వేసింది కాదు, డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చిందే. నేను మందేమిటని అడిగితే ఆవిడ ప్రస్తుతానికి ఏమీ లేదంది. మంచి మాత్రలున్నాయట, వేసుకున్న వాళ్ళలో దాదాపు అందరికీ నయమవుతుందట. కానీ అవి ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చేది ఆరు నెలలు దాటినా వైరస్ వదలని వాళ్ళకే. కొందరికి ఈలోపల దానంతటదే పోతుందట. ఎందరికి అంటే, ముగ్గురు నలుగురిలో ఒకరికి అనుకోండి అంది. అప్పటిదాకా తాగుడు జోలికి పోకుండా, చెప్పినప్పుడల్లా వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళమంది.

ఇంతకాలం వ్యాపారం చేశాను, గుమ్మంలోకి వచ్చిన కొనుగోలుదారుణ్ణి ఏమీ అమ్మకుండా తిప్పి పంపినవాళ్ళను చూడలేదు. పోనీ బయట కొంటాం, ఏ మాత్రలో రాయండన్నాను. రాయమంటే రాస్తాను, కానీ ఇతని విషయంలో కొన్నాళ్ళు చూడడమే మంచిదంది. వయసు చిన్నది, పైగా కళ్ళు పచ్చబడ్డాయి, ఆశ ఉందంది.

కళ్ళు పచ్చబడితే ఆశ ఎక్కడిదని అడిగాను. అప్పుడు ఆవిడ మొదటిసారి కుర్చీ ముందుకు జరుపుకుని నాలుగు మాటలు ఖర్చుపెట్టింది.

"మీరనుకుంటున్నట్టు వైరస్ కాలేయాన్ని తినేయడం లేదు. మీవాడి ఒంట్లో కాపలా కణాలున్నాయి. అవి వైరస్ దూరిన కణాలను ఒక్కొక్కదాన్నే వెతికి చంపుతున్నాయి. ఆ గొడవకే కళ్ళు పచ్చబడ్డాయి. గొడవ చేసే ఒళ్ళు గెలిచే వీలుంది. కిక్కురుమనకుండా కూర్చునే ఒళ్ళంటేనే నాకు భయం."

ఇంకా చెప్పింది. ఈ వైరస్ మహా టక్కరిదట. కాపలావాడు గుర్తుపట్టేలోపల చొక్కా మార్చేస్తుందట. కొందరి కాపలా మొదట్లోనే గట్టిగా లేచి, చొక్కాతో పాటు నడకా ముక్కూ చెవీ కూడా గుర్తుపెట్టుకుని వెంటపడుతుంది. అలాంటి చోట అది నిలవలేదు. కొందరి కాపలా అలిసిపోయి, చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. అలాంటి చోట కాపురం పెడుతుంది. ఎవరి కాపలా ఎలాంటిదన్నది కొంతవరకు పుట్టుకతోనే వస్తుందట. నాకంతా అర్థమైంది. అర్థం కానిది ఒక్కటే, ఇందులో మనం చేయవలసిన పని ఏమిటన్నది. ఏమీ లేదంది.

ఏమీ చేయకుండా ఉండడం మా ఇంటావంటా లేదు. మా ఆవిడ తమ్ముడి తిండి తన చేతుల్లోకి తీసుకుంది. నూనె లేదు, కారం లేదు, ఉప్పు పేరుకే. అన్నీ ఉడకబెట్టినవే. ఇంట్లో ఇద్దరికి వేరు వేరుగా వండే ఓపిక లేదని నాకూ అవే పెట్టింది. ఏ జబ్బూ లేని నేను రోగిలా తిన్నాను, రోగి నన్ను చూసి నవ్వుకుంటూ తిన్నాడు. డాక్టరమ్మ ఫలానాది తినకూడదని చెప్పలేదు కదా అక్కా అని అద్దం ఒకటి రెండుసార్లు గొణిగాడు. చెప్పకపోతే మనకు తెలియదా అని మా ఆవిడ మూత పెట్టేసింది.

సంఘం పెద్దాయన కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. తీర్మానం చేసింది తనే అయినా అద్దం అంటే ఆయనకు లోపల ప్రేమే. ఎక్కడి నుంచో వేళ్ళపొడి ఒక పొట్లం తెచ్చి, పరగడుపున తేనెలో కలిపి ఇమ్మని నా చేతిలో పెట్టాడు. దాన్ని డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ వాసన చూసి, అందులో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు, తెచ్చిన ఆయనకూ తెలియదు, ఆ కాలేయానికి ఇప్పుడున్న పోట్లాట చాలదా అంది. నేను పొట్లం విప్పకుండానే గల్లాపెట్టె అడుగున పడేశాను. పెద్దాయనకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. పొడి ఎలా పనిచేస్తోందని అడిగినప్పుడల్లా తల ఊపేవాణ్ణి. తల ఊపడం అబద్ధం కిందికి రాదు.

గోడౌన్లో అద్దం నరకం చూశాడు. పెట్టెలతో మాట్లాడేవాడు. నురగ డబ్బాలు వరస పెట్టి, వాటికి బ్లేడులు అమ్ముతున్నట్టు నటించేవాడు. మొదటి నెల రక్తంలో వైరస్ బాగా తగ్గిందన్నారు. ఇంట్లో అందరం పొంగిపోయాం. తరవాతి పరీక్షలో మళ్ళీ పెరిగింది. ఆ రోజు అద్దం ఏమీ మాట్లాడకుండా గోడౌన్ తలుపు వేసుకున్నాడు. అతను మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. మా ఆవిడ ఆ పూట వండిన పళ్ళెం అలాగే వెనక్కి తెచ్చి, నా మొహం చూడకుండా లోపలికెళ్ళింది.

"బావా, నిజం చెప్పు," అన్నాడు మర్నాడు. "ఇది పోకపోతే నన్ను ఇక్కడే ఉంచేస్తావా?"

"పోకపోతే మాత్రలున్నాయి కదరా."

"మాత్రలతో పోయినా బజారు నమ్మాలి కదా. వాళ్ళ దృష్టిలో నేను మాసిన గుడ్డనే."

పాడైన సరుకును ఏం చేయాలో నాకు తెలుసు. పాడైందో లేదో తేలని సరుకును ఏం చేయాలన్నది మా వ్యాపారంలో ఎవరూ నేర్పరు.

ఆ తరవాతి పరీక్షలో వైరస్ కనిపించలేదు. డాక్టరమ్మ నమ్మకుండా కొంత కాలం ఆగి మళ్ళీ తీయించింది. కనిపించలేదు. ఆరో నెల చివర మరోసారి. అప్పుడూ లేదు. అద్దం కళ్ళు కూడా ఎప్పుడో తెల్లబడ్డాయి. జబ్బు పోయింది, ఇక రానక్కర్లేదు అంది ఆవిడ. అయితే ఇది ఒకసారి పోయిందని మళ్ళీ రాకుండా ఉండదు, పాత పద్ధతిలో ఆ బ్లేడు ముందు కూర్చుంటే మొదటికి వస్తుందని గట్టిగా చెప్పింది.

గెలుపు ఇంటికొచ్చిన గంటలోనే దానికి హక్కుదారులు బయల్దేరారు. ఉడకబెట్టిన కూరలే కాపాడాయంది మా ఆవిడ. సంఘం పెద్దాయన కబురు తెలియగానే వచ్చి, తేనెలో కలిపే ఇచ్చారు కదా అని అడిగి, మీసం దువ్వుకున్నాడు. అడుగున పొట్లం ఉన్న గల్లాపెట్టె ముందే కూర్చుని నేను తల ఊపాను. తన పొడితో నయమైన మనిషిని ఆయన సెలూన్లోకి రానివ్వకుండా ఎలా ఉంటాడు? నాకు కావలసింది అదే. ఎవరి వల్ల నయమైందని నేను మొహమాటానికి డాక్టరమ్మను అడిగితే, ఎవరి వల్లా కాదు, అతని ఒళ్ళే చూసుకుందని చెప్పింది. ఈ జవాబు ఎవరికీ నచ్చలేదు. చివరికి అద్దానికి కూడా నచ్చలేదు. తనకు తెలియకుండా తన లోపల ఎవరో ఇంత పని చేసిపెట్టారంటే అతనికి అదోలా ఉందట.

సంఘం మళ్ళీ కూర్చుంది. పెద్దాయన దారి తెరిచేద్దామన్నాడు. మూల సెలూను ఆయన ఒప్పుకోలేదు. మాటలు కాదు, మన కళ్ళముందు పరీక్ష చేయించండి అన్నాడు. వేలికొస రక్తపు చుక్క చిన్న పట్టీ మీద వేస్తే గీత పడుతుంది, ఒక గీత అయితే మంచిది, రెండైతే జబ్బు, అంతేనట. ల్యాబు మనిషిని పిలిపించారు. అద్దం నవ్వుతూ వేలు చాపాడు. అందరూ పట్టీ మీదికి వంగారు.

రెండు గీతలు పడ్డాయి.

కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. పెద్దాయన తన పొడి పరువు పోయిన బాధతో తల దించుకున్నాడు. అద్దం వేలు అలాగే చాపి పట్టుకుని ఉన్నాడు, ఆ వేలు వెనక్కి తీసుకోవచ్చన్న సంగతే మరిచిపోయినట్టు. ఆరు నెలలు గోడౌన్లో కూర్చోగలిగినవాడు ఆ చోట ఇంకొక్క నిమిషం నిలబడలేకపోయాడు.

డాక్టరమ్మ దగ్గరికి నేనే పరిగెత్తాను. ఆ పట్టీ వైరస్‌ను చూపించదు, వైరస్‌తో పోట్లాడిన గుర్తును చూపిస్తుంది, ఆ గుర్తు గెలిచినవాడి రక్తంలోనూ జీవితాంతం ఉంటుంది, వైరస్ ఉందో లేదో చెప్పే పరీక్ష వేరే అని చెప్పింది. అదే కాగితం మీద రాసిచ్చింది. కాగితం సంఘంలో చదివి వినిపించాను. మూల సెలూను ఆయన చక్కగా విన్నాడు.

"లేని జబ్బుకు గీత ఎందుకు పడుతుందండీ? దొంగ లేని ఇంట్లో పోలీసులెందుకు?" అన్నాడు.

చదువుకున్న డాక్టరుతో వాదించవచ్చు, ఇలాంటి ప్రశ్నతో వాదించలేం. అందుకని వాదన మానేసి బేరానికి దిగాను. సరే, పట్టీయే న్యాయమైతే అందరికీ అదే న్యాయం కావాలన్నాను. ఆ బ్లేడు అద్దం చెంప మీద ఒక్కదాని మీదే తిరగలేదు, దాని కింద చెంప పెట్టిన ప్రతివాడూ వేలు చాపాలి, ముందు నేను చాపుతానన్నాను. నా లెక్క మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంత బజార్లో ఏ ఇద్దరికో ముగ్గురికో గీత పడకుండా ఉండదు. వాళ్ళ మొహాలు వాళ్ళు చూసుకున్నాక మావాడి వైపు వేలెత్తే దమ్ము ఎవరికీ ఉండదు. ఎవరికీ పడలేదా, అందరూ క్షేమం, అదీ మంచిదే. ఎటు చూసినా నాకు నష్టం కనిపించలేదు.

మంగళవారం సెలూన్లు మూసినప్పుడు మా కొట్లోనే ల్యాబు మనిషి బల్ల వేసుకున్నాడు. వరసగా వచ్చి వేళ్ళు చాపారు. మూల సెలూను ఆయనకు ఒకే గీత. అతని మొహంలో వెలుగు చూడాలి. ఇంకా చాలామందికి ఒకే గీత. సంఘం పెద్దాయనకు రెండు పడ్డాయి. ఆ వెంటనే ల్యాబు మనిషి మొట్టమొదట తీసి పక్కన పెట్టేసిన పట్టీ కేసి చూసి, ఇదెవరిదండీ అన్నాడు. అది నాది. దాని మీదా రెండు గీతలు.

అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. రెండో గీత పడ్డవాళ్ళు దొరికారు. వాళ్ళలో నేనుండడం ఒక్కటే నేను లెక్కలోకి తీసుకోనిది.

ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. వేరే పరీక్ష చేశారు. పెద్దాయన రక్తంలో వైరస్ లేదు. ఆయనకు ఎప్పుడో పట్టింది, ఎప్పుడో పోయింది. ఆ బ్లేడుతోనే పట్టిందో, కుర్రతనంలో ఎవరి కత్తితో పట్టిందో ఆయనకూ తెలియదు. ఎప్పుడైనా కళ్ళు పచ్చబడ్డాయా అని డాక్టరమ్మ అడిగితే, పెళ్ళయిన కొత్తలో ఒకసారి, అత్తగారింట్లో, అని సిగ్గుపడుతూ చెప్పాడు. అప్పటికి ఆ పొడి ఆయన చేతికి రాలేదు. ఈ విషయం మీద ఇప్పటికీ ఆయన మాట్లాడడు.

నా వంతు వచ్చింది. నాకు వైరస్ ఉంది. కడుపు మీద ఏదో పెట్టి కాలేయం చూశారు. డాక్టరమ్మ బొమ్మ వంక చూస్తూ, మీకెప్పుడైనా కామెర్లు వచ్చాయా అంది. నేను గర్వంగానే చెప్పాను, ఇంతవరకు మంచమంటే ఎరగనని, జ్వరం కూడా నన్ను చూసి పక్కకు తప్పుకుంటుందని.

"అదే," అంది ఆవిడ. "మీ ఒళ్ళు పోట్లాడలేదు. ఇది ఈ ఏడు వచ్చింది కాదు. కాలేయం గట్టిపడడం మొదలైంది. ఎన్నో ఏళ్ళుగా మీతోనే ఉంది."

ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అని అడిగింది. కుర్రవాడిగా ఉన్నప్పుడు లారీ మీంచి కుర్చీలు దించుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాను, అప్పుడెక్కించారు. బహుశా అప్పుడేనంది. నేను ఆవిడ బల్ల మీద ఉన్న చిన్న అద్దంలో నా కళ్ళు చూసుకున్నాను. మల్లెపువ్వుల్లా ఉన్నాయి. ఇదివరకైతే సంతోషించేవాణ్ణి.

ఇంటికొచ్చి మా ఆవిడ పక్కన కూర్చుని అంతా చెప్పాను. తనకూ పరీక్ష చేయించాలన్నాను, తరవాత చేయించాం, ఆమెకేమీ లేదు. కొట్టు లెక్కల్లో ఎన్నడూ తలదూర్చని మనిషి. కూర తరుగుతూ వింది. కొత్త కుర్చీ, బోణీ, మొదట ఎవరు, తరవాత ఎవరు, అంతా ఆమెకు ముందే తెలుసు. కత్తిపీట పక్కకు జరిపింది.

"అయితే మా తమ్ముడికి సరుకు మన కొట్టు నుంచే వెళ్ళిందన్నమాట," అంది.

నేను ఆరు నెలలు ఏ సెలూను నుంచి వచ్చిందా అని బజారంతా అనుమానించాను. ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. అది అలాగే జరిగిందని డాక్టరమ్మ అనలేదు. నేను అడగలేదు. కొన్ని ప్రశ్నలు అడగకపోతేనే లాభం. కానీ ఆ రాత్రి నుంచి కంచంలో ఉడకబెట్టిన కూరలు వచ్చినా ఇది తినలేనని అనలేదు.

మాత్రలు నాకు ఉచితమే. ఆసుపత్రి నియమం ప్రకారం ఒళ్ళు ఓడిపోయినవాడే వాటికి అర్హుడు. వాటిని తెచ్చిపెట్టే పని అద్దం తన మీద వేసుకున్నాడు. మొదటి డబ్బా నా ముందు పెట్టినప్పుడు అతని మొహంలో నాకు కోపం కనిపిస్తుందనుకున్నాను. అతను డబ్బా మూత విప్పి, మాత్ర తీసి, నీళ్ళ గ్లాసుతో సహా చేతికిచ్చాడు.

"నాది ఊరికే పోయింది బావా. నీకు ఊరికే ఇస్తున్నారు. మన ఇంట్లో ఖర్చు పెట్టుకున్నవాడెవడూ లేడు," అన్నాడు. నేను మాత్ర మింగేదాకా అక్కడే నిలబడి, మింగానో లేదో నోరు తెరిపించి మరీ చూశాడు.

బజారు తలుపులు తెరుచుకున్నాయి. పెద్దాయనకే రెండు గీతలున్నప్పుడు అద్దాన్ని ఆపేవాడెవడు? దానితో పాటు సంఘం కొత్త నియమం పెట్టింది. ఒక మొహానికి ఒక బ్లేడు. కూర్చున్నవాడి కళ్ళముందే కాగితం విప్పాలి, గీయగానే కళ్ళముందే విరిచి డబ్బాలో వేయాలి. అద్దం ఆ నియమాన్ని నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరుగుతున్నాడు. కాగితం విప్పే చప్పుడు చేసి చూపిస్తాడు, బ్లేడు విరిచే చప్పుడు చేసి చూపిస్తాడు. మా అమ్మకం ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పను, ఎదుటి కొట్టువాడు చదివితే బాధపడతాడు. ఒక బ్లేడు పది మొహాలకు వస్తుందని చాటి చెప్పుకుంటూ తిరిగిన బ్లేడు వ్యాపారి లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. తక్కువ అమ్మడానికి అంత కష్టపడ్డాం.

ఇక నా సంగతి. మాత్రలు పూర్తయి రక్తం శుభ్రమైందని తేలేదాకా ఏ సెలూన్లోనూ కూర్చోవద్దని సంఘం కోరింది. కొత్త బ్లేడయితే ఫరవాలేదని డాక్టరమ్మ చెప్పింది కానీ పెద్దాయన తన చెయ్యి వణుకుతుందన్నాడు. ఇంట్లో సొంత కత్తితో గీసుకోమన్నారు. ఇన్నేళ్ళూ బ్లేడులు అమ్మానే గానీ నా గెడ్డం నేనెప్పుడూ గీసుకోలేదు. మొదటి రోజే మూడు చోట్ల తెగింది. మా ఆవిడ నెత్తురు చూసి కత్తి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

అందుకని గెడ్డం పెరిగింది. మొదట గరుకుగా, తరవాత ఒత్తుగా, అక్కడక్కడ నెరిసి. బ్లేడు పెట్టెల మధ్య, కొత్త అద్దాల ముందు, ఎటు తిరిగినా నా గెడ్డమే నాకు కనిపిస్తూ కూర్చుంటున్నాను. మొన్న పొరుగూరి నుంచి కొత్తగా సెలూను పెట్టిన ఒకాయన సరుకుకి వచ్చాడు. బ్లేడు చేతిలోకి తీసుకున్నాడు, నా మొహం చూశాడు, బ్లేడు మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. బేరం పోయినట్టే అనుకున్నాను.

వెనక నుంచి అద్దం వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"కంగారు పడకండి. మా దగ్గర ఒక మొహానికి ఒక బ్లేడు. మా బావగారి మొహానికి ఇంకా వంతు రాలేదు," అని చెప్పి, ఆయన్ను కొత్త కుర్చీలో కూర్చోబెట్టి, చెవి పక్కన కాగితం విప్పాడు.

ఆయన పెద్ద పెట్టె కొనుక్కెళ్ళాడు.